టీబీ మందు వాడుతున్న మనిషి దిగులుపడిపోతే ఏం చేయాలి

మా తమ్ముడి మంచం మీది చాప దులుపుదామని ఎత్తితే కింద పన్నెండు మాత్రలు దొరికాయి. ఇటుకరంగు టీబీ మాత్రలు. కొన్ని తడిసి చాపకు అంటుకుపోయి ఉన్నాయి. వాడి బరువుకు రోజుకు మూడు మాత్రలు. అంటే నాలుగు రోజులుగా నా ఎదురుగా నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, నేను వంటింట్లోకి వెళ్లగానే ఉమ్మేస్తున్నాడన్నమాట. నాకు కోపం ఆగలేదు, నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు గోడవైపు తిరిగి పడుకుని ఒకే మాట అన్నాడు: "మింగి ఏటి సేత్తానప్పా?" మా వైపు అక్కను అప్ప అంటారు.

మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర ఊరు. తమ్ముడు తాపీ మేస్త్రి. హైదరాబాద్‌లో పనిచేస్తూ జబ్బుపడి ఇంటికొచ్చాడు. అప్పటికి మందు మొదలుపెట్టి రెండు నెలలు కావస్తోంది. దగ్గు తగ్గింది, సాయంత్రం జ్వరం పోయింది, రెండు కేజీలు పెరిగాడు కూడా. మనిషి మాత్రం రోజురోజుకీ లోపలికి పోతున్నాడు. అది డిప్రెషన్ అని, దానికి వైద్యం ఉందని, టీబీ మందు ఆపకుండానే అది చేయించవచ్చని మాకు తెలియడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలు మీ ఇంట్లో వృథా కాకూడదని ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. డాక్టర్లు, ఏఎన్‌ఎం మాకు చెప్పినవి, మేం చేసి చూసినవి, తర్వాత నేను చదివి తెలుసుకున్నవి వరసగా చెబుతాను.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. ఇది మీ ఒక్క ఇంటి కథ కాదు. వేర్వేరు దేశాల్లో టీబీ రోగుల మీద చేసిన అధ్యయనాలను 2020లో ఒకచోట చేర్చి చూస్తే, నూటికి దాదాపు 45 మందిలో డిప్రెషన్ లక్షణాలు కనిపించాయి. డిప్రెషన్ ఉన్నవాళ్లు మాత్రలు మధ్యలో మానేయడం ఎక్కువ. అలా మానేస్తే టీబీ ముదురుతుంది, మందులకు లొంగని రకంగా మారే ప్రమాదమూ ఉంది. కాబట్టి "ముందు టీబీ తగ్గనీ, మనసు సంగతి తర్వాత చూద్దాం" అనుకోకండి. రెండింటికీ ఒకేసారి వైద్యం జరగాలి.

గుర్తుపట్టడం

ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, నీరసం, బరువు తగ్గడం టీబీలోనూ ఉంటాయి, డిప్రెషన్‌లోనూ ఉంటాయి. అందుకే ఇంట్లోవాళ్లూ, ఒక్కోసారి ఆసుపత్రివాళ్లూ "జబ్బు మనిషి కదా, అలాగే ఉంటాడు" అనేస్తారు. ఒంటిని బట్టి చూస్తే తేలదు. ఇదివరకు ఇష్టపడినవి ఇప్పుడు పట్టకపోతున్నాయా? "ఇంక బాగవను" అంటున్నాడా? తన వల్లే ఇల్లు అప్పులపాలైందని, పిల్లలకు జబ్బు అంటిస్తానని తనను తాను నిందించుకుంటున్నాడా? చావు మాట వస్తోందా? ఇవి టీబీ లక్షణాలు కావు, మనసువి.

మందు సరిగా పనిచేస్తుంటే మొదటి రెండు నెలల్లో చాలామందికి జ్వరం తగ్గి ఆకలి పుంజుకుంటుంది. ఒళ్లు తేరుకుంటున్నా ముఖంలో జీవం రాకపోతే అనుమానించండి.

మన వైపు ఎవరూ "నాకు డిప్రెషన్" అని చెప్పరు. "గుండెల మీద బండ పెట్టినట్టుంది", "తల దిమ్ముగా ఉంది", "ఏటీ తోచట్లేదు", "నన్నొగ్గేయండి" అంటారు. మగవాళ్లలో అది చిరాకుగానో తాగుడుగానో బయటపడొచ్చు. ఆడవాళ్లయితే వంటా అంట్లూ మామూలుగానే చేసేస్తూ ఉంటారు, అడిగితే "ఏం లేదు" అంటారు. కోడలికి టీబీ అని పుట్టింటికి పంపేసిన ఇళ్లు నాకు తెలుసు. అలా పంపేసిన అమ్మాయి "ఏం లేదు" అంటే నమ్మకండి, దగ్గర కూర్చుని ఇంకోసారి అడగండి.

రెండు ప్రశ్నలు, తర్వాత తొమ్మిది

పదిమందిలో వద్దు. ఇద్దరే ఉన్నప్పుడు, టీవీ కట్టేసి అడగండి. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి గానీ, ఏదైనా చేస్తే సంతోషం గానీ లేకుండా ఎన్ని రోజులున్నావు? దిగులుగా, ఆశ లేనట్టుగా ఎన్ని రోజులున్నావు? ఒక్కోదానికి అసలు లేదంటే 0, కొన్ని రోజులంటే 1, సగం కంటే ఎక్కువ రోజులంటే 2, దాదాపు రోజూ అంటే 3 వేసుకోండి. రెండూ కలిపి 3 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే మిగతా ఏడూ అడగాలి: నిద్ర, నీరసం, ఆకలి, తాను పనికిరానివాడినన్న భావన, మనసు నిలపలేకపోవడం, మాటా కదలికా బాగా నెమ్మదించడం లేదా కుదురు లేకపోవడం, చివరగా చనిపోతే బాగుండు అన్న ఆలోచన. దీన్ని పీహెచ్‌క్యూ-9 అంటారు. మొత్తం 27 మార్కులు.

5 నుంచి 9 వస్తే కింద చెప్పబోయే రోజువారీ పనులు మొదలుపెట్టి రెండు వారాలకు మళ్లీ అడగండి. 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టరు దగ్గరకు వెళ్లాల్సిందే. నిద్ర, నీరసం, ఆకలి ప్రశ్నలకు టీబీ వల్ల కూడా మార్కులు పడతాయి కాబట్టి, అంకె ఒక్కటే చూసి బెంబేలెత్తకండి. ఏ ప్రశ్నకు ఎంత వచ్చిందో ఓ కాగితం మీద రాసి దాచుకోండి, ఆసుపత్రిలో అది బాగా పనికొస్తుంది. మీకు అడగడం చేతకాదనిపిస్తే మీ ఊరి ఏఎన్‌ఎంని గానీ, విలేజ్ క్లినిక్‌లో ఉండే ఆరోగ్య అధికారిని గానీ అడగమనండి. మా తమ్ముడు నాకు చెప్పనివి మా ఏఎన్‌ఎం అమ్మాయికి పది నిమిషాల్లో చెప్పేశాడు. నాకు కాస్త బాధేసిన మాట నిజమే. కానీ ఎవరికి చెప్పాడన్నది ముఖ్యం కాదు కదా.

తొమ్మిదో ప్రశ్న

దీన్ని మాత్రం డొంకతిరుగుడుగా అడగకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా? ఎలా చేసుకోవాలో ఆలోచించావా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. ఒకరు అడిగారంటేనే గుండెలో బరువు కొంత దిగుతుంది.

జవాబు అవునైతే ఆ రోజే కదలాలి, మంగళవారం, అమావాస్య అంటూ చూడొద్దు. ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందు, గుళికలు, ఎలుకల మందు ఉంటే వేరే వాళ్లింటికి పంపేయండి. టీబీ మాత్రల స్ట్రిప్పులు కూడా ఆ మనిషి చేతికి అందేలా ఉంచకండి. వాటిలోని ఐసోనియాజిడ్ ఒకేసారి ఎక్కువ మింగితే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. రోజు మాత్ర రోజు మీ చేత్తో ఇవ్వండి. ఇప్పటికే ఏదైనా మింగేసి ఉంటే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఏ మాత్రలు మింగారో ఆ స్ట్రిప్పు కూడా పట్టుకెళ్లండి.

రాత్రివేళ, మాట్లాడేవాళ్లెవరూ లేనప్పుడు టెలి మానస్‌కు ఫోన్ చేయవచ్చు. నంబరు 14416. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన సేవ ఇది. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. రోగే చేయాలని లేదు, ఇంట్లోవాళ్లు చేసి "మేం ఇప్పుడేం చేయాలి?" అని అడగవచ్చు. పోలీసు కేసవుతుందని కొందరు ఆసుపత్రికి తీసుకెళ్లరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి, శిక్షించకూడదు. ఆ భయంతో ఒక్క గంట కూడా పోగొట్టుకోకండి.

దిగులని వదిలేయకూడనివి

మనిషి మారిపోయాడంటే అది ప్రతిసారీ డిప్రెషనే కానక్కర్లేదు. తగ్గని తలనొప్పి, వాంతులు, మెడ పట్టేయడం, పగలంతా మగతగా ఉండటం, పొంతన లేని మాటలు కనిపిస్తే టీబీ మెదడు పొరలకు పాకి ఉండొచ్చు, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. కళ్లు పచ్చబడి, కడుపులో తిప్పి, అన్నం చూస్తేనే వికారం వస్తోందంటే మందుల వల్ల కాలేయం దెబ్బతింటోందేమో చూపించాలి. లేని మాటలు వినిపిస్తున్నాయని, ఎవరో తనకు కీడు చేస్తున్నారని అంటుంటే అది మాత్రల ప్రభావం కావచ్చు. భూతవైద్యానికి, తాయెత్తుకు తిప్పకుండా మాత్రలిచ్చిన డాక్టరుకు ఆ రోజే చెప్పండి. రక్తహీనత, షుగరు, థైరాయిడ్ కూడా మనిషిని డిప్రెషన్‌లాగే కుంగదీస్తాయి, రక్తపరీక్ష చేయించండి.

ఎక్కడికి వెళ్లాలి, ఏం పట్టుకెళ్లాలి

మీ పీహెచ్‌సీ డాక్టరుతో మొదలుపెట్టండి. మీ టీబీ యూనిట్ సూపర్‌వైజరుకు కూడా విషయం చెప్పండి, పంపించే ఏర్పాటు వాళ్లు చేస్తారు. శ్రీకాకుళం వాళ్లకు జిల్లా కేంద్రంలోని సర్వజన ఆసుపత్రి, మనం ఇప్పటికీ రిమ్స్ అనే పిలుస్తాం. విజయనగరం వాళ్లకు అక్కడి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రి. ఇంకా పెద్ద వైద్యం కావాలంటే విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ పేరు చెప్పగానే మా అమ్మ ఏడ్చింది. "పిచ్చాసుపత్రికా?" అంది. డిప్రెషన్ ఉన్నవాళ్లలో చాలామందిని అసలు అడ్మిట్ చేయరు, ఓపీలో చూసి మందు రాసి పంపేస్తారని అమ్మకు ఓపిగ్గా చెప్పాల్సొచ్చింది. మీ ఇంట్లో కూడా ఆ మాట వస్తుంది, విసుక్కోకండి.

చేతి సంచిలో ఇవి పెట్టుకోండి: టీబీ చికిత్స కార్డు, నిక్షయ్ ఐడీ (టీబీ రోగిగా నమోదు చేసినప్పుడు ప్రభుత్వం ఇచ్చే నంబరు), వాడుతున్న మాత్రల స్ట్రిప్పు, బీపీ, షుగరు వంటి వేరే మందులుంటే అవి, మొదట్లో ఎంత బరువు ఉండేవాడు, ఇప్పుడెంత, మీరు రాసుకున్న తొమ్మిది ప్రశ్నల కాగితం. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు వాళ్లయితే, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు తప్పకుండా తీసుకెళ్లండి. కిడ్నీ సమస్య ఉంటే టీబీ మందులో కొన్నింటి మోతాదే మార్చాల్సి ఉంటుంది.

మేం మొదట వెళ్లిన ఒకచోట "టీబీ కోర్సు అయ్యాక రండి, అప్పుడు చూద్దాం" అని తిప్పి పంపారు. మేం నోరు మూసుకుని వచ్చేశాం. అలా చేయకండి. "అయ్యేదాకా ఆగితే మాత్రలు మానేస్తాడు సార్, ఇప్పటికే ఉమ్మేస్తున్నాడు" అని ఆ పన్నెండు మాత్రల సంగతి చెప్పి ఉంటే వాళ్లు కూడా ఇంకోలా ఆలోచించేవారేమో. జరిగింది జరిగినట్టు చెప్పండి.

మందుల సంగతి

1952లో న్యూయార్క్‌లోని సీ వ్యూ అనే టీబీ ఆసుపత్రిలో ఇప్రోనియాజిడ్ అనే మందు ఇస్తుంటే, మంచం దిగని రోగులు నవ్వడం, కబుర్లాడటం, అన్నం అడిగి తినడం డాక్టర్లు గమనించారు. డిప్రెషన్‌కు మొట్టమొదటి మందుల్లో ఒకటి అలా బయటపడింది. మన వాళ్లు వాడే ఐసోనియాజిడ్ దానికి దగ్గరి చుట్టమే. అలాగని ఐసోనియాజిడ్ దిగులు తగ్గిస్తుందనుకోకండి. అది ఒంట్లో బి6 విటమిన్‌ను తగ్గించేస్తుంది, దానివల్ల అరికాళ్లు మంట, తిమ్మిర్లు వస్తాయి. అందుకే పైరిడాక్సిన్ మాత్ర కూడా ఇస్తారు. చిన్న మాత్రే కదా అని దాన్ని పక్కన పడేయకండి.

మూత్రం నారింజరంగులోకి మార్చే రిఫాంపిసిన్ సంగతి సైకియాట్రిస్టుకు మొదటి మాటగానే చెప్పాలి. అది కాలేయాన్ని ఉరుకులు పెట్టించి, వేరే మందులను తొందరగా కరిగించేస్తుంది. డిప్రెషన్ మాత్రల్లో చాలావాటి బలం దీనివల్ల తగ్గిపోతుంది. డాక్టరుకు తెలిస్తే తగిన మందు ఎంచుకుంటారు, మోతాదు సరిచూస్తారు. తెలియకపోతే "మందు పనిచేయడం లేదు" అని మీరూ విసిగిపోతారు, ఆయనా మార్చుకుంటూ పోతారు. గర్భనిరోధక మాత్రలు కూడా ఇలాగే పనిచేయకుండా పోతాయి, ఆడవాళ్లు వేరే పద్ధతి అడగాలి.

మందులకు లొంగని టీబీ అయితే ఇంకా జాగ్రత్త కావాలి. సైక్లోసెరిన్ అనే మందే కొందరికి డిప్రెషన్, భ్రమలు, చావు ఆలోచనలు తెస్తుంది. అది వాడుతున్న ఇంట్లో పై రెండు ప్రశ్నలు వారంవారం అడగాలని నా అభిప్రాయం. లైనిజోలిడ్ వాడుతూ కొన్ని రకాల డిప్రెషన్ మాత్రలు కలిపితే వణుకు, చెమటలు, జ్వరం, గుండెదడ, అయోమయం రావచ్చు, అది ప్రమాదం. బెడాక్విలిన్ గుండె లయ మీద ప్రభావం చూపుతుంది, ఎస్సిటాలోప్రామ్ వంటి డిప్రెషన్ మాత్రలు కూడా అంతే, కాబట్టి ఈసీజీ చూసే ఇస్తారు. ఇథియోనమైడ్ థైరాయిడ్‌ను మందగింపజేస్తుంది. ఇవన్నీ మీరు కంఠస్థం చేయక్కర్లేదు. ఇద్దరు డాక్టర్లకూ రెండు చీటీలూ చూపించండి. ఆ ఒక్క పనితోనే ఈ ప్రమాదాలు చాలావరకు తప్పుతాయి.

డిప్రెషన్ మాత్ర మొదలుపెట్టిన రెండో రోజుకే మనిషి మారిపోడు. తేడా తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారంలో కడుపులో తిప్పడం, కాస్త ఆందోళన ఉండొచ్చు. మా ఇంట్లో పదో రోజున "ఇదీ దండగే" అన్నాడు. క్యాలెండర్‌లో ఆరో వారం మీద పెన్నుతో గీత గీసి "అక్కడిదాకా చూద్దాం" అన్నాను. నాలుగో వారంలో ఒకరోజు పొద్దున్న తనంతట తానే పళ్లు తోముకుని వచ్చి కూర్చున్నాడు. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు కొనివ్వడం, టీబీ మందులతోపాటు ఆకుపసరు తాగించడం మాత్రం చేయకండి. మొదటిది అలవాటైపోతుంది, రెండోది కాలేయాన్ని తినేస్తుంది.

రోజుకో చిన్న పని

డిప్రెషన్ ఓ మాదిరిగా ఉన్నవాళ్లకు మాటలతో చేసే వైద్యం మందుకు తీసిపోదు. గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, డాక్టర్లు కాని మామూలు కౌన్సెలర్లకు శిక్షణ ఇచ్చి, 6 నుంచి 8 సిట్టింగ్‌లతో తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్లకు కూడా మేలు చేయగలిగారు. ఆ ఫలితాలు 2017లో వచ్చాయి. అందులో అసలు సూత్రం చాలా తేలిక. మనసు బాగున్నాక పని చేద్దామని ఆగితే మనసు బాగవదు. ముందు చిన్న పని చేయాలి, మనసు దాని వెనకాల వస్తుంది.

చేసే పద్ధతి ఇది. ఇదివరకు ఆ మనిషి ఇష్టంగా చేసిన పనులు ఐదారు రాయండి. వాటిలో అన్నింటికంటే తేలికైనదాన్ని ఇంకా చిన్నది చేయండి. రోజూ ఒకే టైముకు పెట్టండి. చేశాక "మనసు ఎలా ఉంది, పదికి ఎంత?" అని అడిగి రాసుకోండి. చేయకపోయినా ఏమీ అనకండి, మర్నాడు మళ్లీ పిలవండి. మత్స్యకారులైతే వల అల్లడం, చిరిగిన చోట కుట్టడం. తోటలున్నవాళ్లయితే సాయంత్రం జీడితోట దాకా నడిచి రావడం. అమ్మాయిలైతే గుమ్మం ముందు ముగ్గు. ఎండలో బరువు పనులు, దుమ్ములో పనులు వద్దు.

మా తమ్ముడికి ఏం చెప్పాలో నాకు చాలా రోజులు తోచలేదు. మా పెరట్లో బట్టలుతికే బండ పక్కన గట్టు పెచ్చులూడి ఉండేది. "దాన్ని సరిచేద్దువు రా" అని నాలుగు రోజులు పిలిచాను. నాలుగు రోజులూ గోడవైపే తిరిగాడు. ఐదో రోజు వాణ్ని పిలవకుండా నేనే సిమెంటూ ఇసకా కలిపి, నీళ్లు పోసి, ఆ దుమ్ము వాడి ఛాతీలోకి పోకూడదని దూరంగా కూర్చుని పిసికి, నా ఇష్టమొచ్చినట్టు పూయడం మొదలెట్టాను. గుమ్మంలో నిలబడి కాసేపు చూశాడు. "అలగ్గాదప్పా" అంటూ వచ్చి నా చేతిలో తాపీ తీసుకున్నాడు. పావుగంట చేశాడు. అంచు మీద తాపీని ఒక్కసారి లాగి వదిలేసరికి గీత గీసినట్టొచ్చింది. చెమట పట్టింది, ఆయాసపడ్డాడు, వెళ్లి పడుకున్నాడు. పదికి ఎంత అంటే "మూడు" అన్నాడు. అంతకుముందు రోజు సున్నా.

గ్లాసు సంగతి

మందులకంటే ముందు మా ఇంట్లో మార్చాల్సింది ఇదే. అమ్మ వాడికి వేరే స్టీలు గ్లాసు పెట్టి, కలిసిపోకుండా దానికి ఎర్రదారం కట్టింది. కంచం కడిగి కూడా విడిగా బోర్లించేది. ప్రేమ లేక కాదు, భయం. వాడు మాత్రం ఆ దారాన్ని రోజుకు నాలుగుసార్లు చూసేవాడు.

టీబీ గాలి ద్వారా సోకుతుంది, దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు. గ్లాసుల వల్ల, కంచాల వల్ల, బట్టల వల్ల, ముట్టుకోవడం వల్ల సోకదు. మందుకు లొంగే రకమైతే, సరిగా మాత్రలు మొదలుపెట్టిన రెండు వారాలు దాటేసరికే అంటించే గుణం చాలావరకు పడిపోతుంది. 1956లో మద్రాసులో మొదలైన ఒక అధ్యయనంలో కొందరిని శానిటోరియం అనే టీబీ ఆసుపత్రిలో, కొందరిని ఇరుకిళ్లలోనే ఉంచి మందులిచ్చి చూశారు. ఇంట్లో ఉన్నవాళ్లూ దాదాపు అంతే కోలుకున్నారు, వాళ్లవల్ల ఇంట్లోవాళ్లకు జబ్బు ఎక్కువగా సోకలేదు. అప్పటినుంచే ప్రపంచమంతా టీబీకి ఇంటి దగ్గరే వైద్యం చేయడం మొదలైంది.

కాబట్టి కిటికీలు తెరవండి, దగ్గేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టుకోమనండి, మొదటి వారాల్లో మాస్కు పెట్టించండి, తెమడ మూత ఉన్న డబ్బాలో వేయించండి. అంతకుమించి వెలి అవసరం లేదు. ఇంట్లో ఉన్న మిగతావాళ్లకు, ముఖ్యంగా చిన్నపిల్లలకు, టీబీ లేదని పరీక్షల్లో తేల్చుకుని ముందుజాగ్రత్త మందు ఇస్తారు. అడిగి తీసుకోండి. మా అబ్బాయికి ఆ మందు మొదలయ్యాకే తమ్ముడు వాణ్ని దగ్గరికి రానిచ్చాడు. "నావల్ల గుంటడికి వస్తాదేమో" అన్న భయం వాణ్ని ఎంతగా తినేస్తోందో మాకు అప్పుడే తెలిసింది. ఎర్రదారం అమ్మ చేతే తీయించాను. నేను తీసి ఉంటే వాడికి అంత ఊరట ఉండేది కాదు.

చూడ్డానికొచ్చే చుట్టాలతో కూడా ముందే మాట్లాడండి. "పెళ్లెలా అవుతాదో", "ఫలానావాడు ఇలాగే పోయాడు" లాంటి మాటలు మంచం దగ్గర వద్దని చెప్పండి.

తిండి, డబ్బు, కల్లు

కడుపు ఖాళీగా ఉంటే ఏ వైద్యమూ నిలబడదు. పొద్దున్నే చోడి (రాగి) అంబలి, రోజూ గుడ్డు, పప్పు, వేరుశనగలు, వీలైతే చేప. ఒకేసారి కంచం నిండా పెడితే చూసే వెనక్కి నెడతాడు, కొంచెం కొంచెంగా ఐదారుసార్లు పెట్టండి. చేప మాత్రం తాజాది కొనండి. ఐసోనియాజిడ్ వాడేవాళ్లకు ఐసు లేకుండా నిలవున్న సూర, కానాగంత లాంటివి తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడి, తలనొప్పి, గుండెదడ రావచ్చు. దాన్ని టెన్షన్ అనుకుని పొరబడతారు.

టీబీ రోగుల తిండి కోసం ప్రభుత్వం పెట్టిన నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు ₹1,000 బ్యాంకు ఖాతాలో పడుతుంది. 2018లో ₹500తో మొదలై, 2024 నవంబరు నుంచి వెయ్యి అయింది. రాకపోతే ఖాతా వివరాలు సరిచూడమని టీబీ యూనిట్‌లో అడగండి, లేదా 1800-11-6666కి ఫోన్ చేయండి. టీబీ రోగులకు సాయం చేసే దాతలైన నిక్షయ్ మిత్రల ద్వారా ఇచ్చే పోషకాహార కిట్ గురించి కూడా అడగండి. ఈ డబ్బు చిన్నదే. కానీ "నా మీద ఖర్చే తప్ప రాబడి లేదు" అని కుమిలిపోయే మనిషి పేరున వచ్చే డబ్బు ఇది, తన చేతికే ఇవ్వండి. వలస పనికి మళ్లీ వెళ్లాలన్న ఆత్రం ఉంటే మందు ఆపక్కర్లేదు. నిక్షయ్ ఐడీతో హైదరాబాద్, చెన్నై, గుజరాత్‌లోని వేరావల్ ఎక్కడికైనా చికిత్స బదిలీ చేయిస్తారు. బండెక్కే ముందు అడగాలి.

కల్లు, సారా, బ్రాందీ ఏదైనా టీబీ మందులతో కలిస్తే కాలేయానికి చేటు, దిగులూ పెరుగుతుంది. అయితే రోజూ బాగా తాగే మనిషి చేత ఒక్కసారిగా మాన్పించకండి. వణుకు, ఫిట్స్ రావచ్చు. డాక్టరు చెప్పిన పద్ధతిలో మాన్పించాలి.

ఎన్నాళ్లు వాడాలి

మామూలు టీబీకి కోర్సు ఆరు నెలలు. డిప్రెషన్ మందు మాత్రం మనసు కుదుటపడ్డాక కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు కొనసాగించమంటారు. కాబట్టి రెండూ ఒకేరోజు అయిపోవు. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. టీబీ నయమైందని కాగితం చేతికి రాగానే అన్ని మాత్రలూ కట్టిపెట్టేస్తారు. డిప్రెషన్ మాత్ర ఒక్కసారిగా ఆపితే తలతిరుగుడు, చిరాకు, నిద్రలేమి వస్తాయి, దిగులు కూడా తిరగబెట్టవచ్చు. డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి.

ఇంకొకటి ఎవరూ గుర్తు చేయరు, మీరే గుర్తుపెట్టుకోండి. టీబీ కోర్సుతోపాటు రిఫాంపిసిన్ ఆగిపోయిన రెండు వారాల్లో కాలేయం మామూలు వేగానికి వస్తుంది. అంటే అంతవరకు సరిపోయిన డిప్రెషన్ మాత్ర అదే మోతాదులో ఇప్పుడు ఎక్కువ కావచ్చు. మగత, వణుకు, వికారం కనిపించవచ్చు. అందుకని టీబీ చివరి మాత్ర మింగే తేదీ తెలియగానే, ఆ తర్వాతి వారానికి సైకియాట్రిస్టు ఓపీకి వెళ్లేలా పెట్టుకోండి. మేం క్యాలెండర్‌లో ఆ రెండు తేదీలకూ సున్నా చుట్టాం. మొదటిదాన్ని అమ్మ చుట్టింది, రెండోదాన్ని తమ్ముడే చుట్టి, కింద "బస్సు 7 గంటలకు" అని రాసుకున్నాడు.